ఒక కంపైలరు – ఇద్దరు నజీరులు

ఈ సంచికకు ముఖపత్రాలు రెండు. ఎడమవైపు నుండి తెరిచినవారికి తెలుగు విభాగము, కుడివైపు నుండి తెరిచినవారికి ఉర్దూ విభాగము ఎదురవుతాయి. రెండు భాషలూ చెరొక దిక్కు నుండి నడిచి వచ్చి మధ్యపుటల్లో కలుసుకొంటాయి. ఆ మధ్యపుటల్లోనే మన విద్యార్థుల పేర్ల పట్టిక ఉంటుంది. ప్రతి పేరూ తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. ఎవరైనా ఆ పట్టికలో తమ పేరున్నదో లేదో చూచుకొని పుట తిప్పివేస్తారు. ఈసారి ఆ నాలుగు పుటలు తయారైన తీరును గురించి విద్యార్థులకూ, కమిటీ పెద్దలకూ కొంత చెప్పుకోవాలని మాకు అనిపించింది. పత్రిక కూర్పు మా చేతిమీదుగా జరిగింది కనుక అందులోని పొరపాటు కూడా మాదే.

నిరుటి సంచిక చాలామందికి జ్ఞాపకముండే ఉంటుంది. ఉర్దూ శాఖలోని పెద్దలొకరు వ్రాసిన గజల్ అందులో అచ్చయింది. అచ్చయిందనడం కంటె తలక్రిందులయిందనడం సబబు. పంక్తులలో మాటల వరుస ఎడమ నుండి కుడికి తిరిగిపోయి, ప్రతి షేర్ చివర ఉండవలసిన రదీఫ్ పాదారంభానికి వచ్చి కూర్చున్నది. తెలుగు భాగములో ఒత్తులు అక్షరాల క్రింద ఉండలేక పక్కకు జరిగి పొల్లులతో నిలబడ్డాయి. అచ్చాపీసువారిని అడిగితే, "తెలుగు వచ్చే సాఫ్ట్‌వేరులో ఉర్దూ రాదండీ, ఉర్దూ వచ్చేదానిలో తెలుగు రాదు. రెండూ ఒక పుటలో కావాలంటే బొమ్మలుగా అతికించుకోవలసిందే" అన్నారు. గజల్ వ్రాసిన పెద్దలు మాత్రం కోపగించుకోలేదు. పత్రికను మా చేతికిచ్చి, "జనాబ్, నా గజల్‌ను మీరు తెలుగువైపు నుండి చదివించారు" అన్నారు. కోపగించుకొని ఉంటే బాగుండేదని అప్పుడనుకొన్నాము.

ఆ మాట మనసులో ఉండగానే, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న మన పూర్వ విద్యార్థి ఒకడు సెలవులకు వచ్చి, "సార్, మీరు టెక్ నేర్చుకోండి" అన్నాడు. టెక్ అనేది ఏదో కొత్త యంత్రమనుకొన్నాము. అతడు చేబ్రోలులోని మా ఇంటికి వచ్చి మా పాత కంప్యూటరులో దానిని ఎక్కించి, నల్లని తెర ఒకటి తెరిచి, ఇక మీ ఇష్టమన్నట్లు వెళ్ళిపోయాడు. ఆ తెర మీద బొమ్మలు లేవు, బొత్తాలు లేవు. ఒక గీత మాత్రం మిణుకుమిణుకుమంటూ మన ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. దీనినే కమాండ్ లైను అంటారు. మనం వ్రాసిన ప్రతిని విడిగా ఒక ఫైలులో ఉంచి, దాని పేరు చెప్పి కంపైలరును పిలవాలి. అది ప్రతిని మొదటి నుండి చివరి దాకా చదివి, పుటలుగా కూర్చి ఇస్తుంది. లేదా ఎక్కడ అర్థం కాలేదో అక్కడ ఆగి, వరుస సంఖ్యతో సహా చెప్పి మొరాయిస్తుంది.

సీసపు అక్షరాల కాలంలో కంపోజిటరుకు వ్రాతప్రతి మార్జినులో, ఈ పద్యం లోపలికి జరుపవలెను, ఈ శీర్షిక పెద్ద అక్షరాలలో ఉండవలెను అని సూచనలు వ్రాసి ఇచ్చేవారు. టెక్‌కు మనం చేసేది కూడా అదే. అయితే కంపోజిటరు మన ఉద్దేశాన్ని ఊహించి సర్దుకొనేవాడు. ఇది ఊహించదు. మొదటి రాత్రి మేము ఒక మీసపు బ్రాకెట్టును తెరిచి మూయడం మరచిపోయాము. కంపైలరు పుస్తకం చివరి దాకా పరుగెత్తి పోయి, "రనవే ఆర్గ్యుమెంట్" అని ఫిర్యాదు చేసింది. పారిపోయిన ఆ వాదమేదో పట్టుకొనే లోపల కరెంటు పోయింది. లాంతరు వెలుగులో కాగితం మీద బ్రాకెట్లు లెక్కపెట్టుకొంటూ కూర్చున్న మమ్ములను చూచి, ఇంట్లోవారు మాకు జ్వరమేమోనని నుదుటిమీద చెయ్యి పెట్టి చూచారు.

ఈ టెక్ పుట్టుక కూడా ఒక అచ్చు అవమానం నుండే జరిగింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ క్నూత్ కంప్యూటరు ప్రోగ్రాముల కళను గురించి అనేక సంపుటాలుగా మహాగ్రంథం వ్రాస్తున్నారు. 1977లో రెండవ సంపుటపు కొత్త ముద్రణకు ప్రూఫులు వచ్చాయి. సీసపు అక్షరాలు పోయి ఫొటో పద్ధతి వచ్చిన రోజులవి. ఆ అక్షరాల రూపం చూచి ఆయనకు మనసొప్పలేదు. గ్రంథాన్ని పక్కన పెట్టి, కొద్దికాలంలో ముగిస్తానని అచ్చుకూర్పు ప్రోగ్రాము వ్రాయడానికి పూనుకొన్నారు. ఆ పని దాదాపు పదేళ్ళు పట్టింది. 1982లో దానిని మళ్ళీ మొదటి నుండి వ్రాశారు. ఇప్పటికీ దాని రూపసంఖ్య సవరణ జరిగినప్పుడల్లా ఒక అంకె చొప్పున పెరుగుతూ పై విలువకు చేరువవుతూ ఉంటుంది. తప్పు పట్టినవారికి 2008 దాకా ఆయన చెక్కు పంపిన అలవాటు కూడా ప్రసిద్ధమే. పుస్తకంలో తప్పుకు 2 డాలర్ల 56 సెంట్లు. ఆ చెక్కులను మార్చుకోకుండా అద్దం కట్టించి గోడకు తగిలించుకొనేవారు చాలామంది. మన కమిటీవారు ఈ పద్ధతిని అవలంబించదలిస్తే సంపాదకుని జీతం నుండి మినహాయించవద్దని ముందుగా మనవి చేసుకొంటున్నాము.

టెక్‌లోకి తెలుగు ఆలస్యంగా రాలేదు. 1990ల తొలినాళ్ళలోనే అమెరికాలోని తెలుగువారు, ముఖ్యంగా ముక్కవిల్లి వారు, క్నూత్ గారి మెటాఫాంటుతో తెలుగు అక్షరాలను మలిచారు. అప్పుడు కంప్యూటరు మీటల మీద తెలుగు లేదు. రోమను అక్షరాలతో తెలుగు వ్రాస్తే, ఒక చిన్న ప్రోగ్రాము దానిని చదివి టెక్‌కు అర్థమయ్యే ఆజ్ఞలుగా తిరిగి వ్రాసేది. అంటే మనుష్యుడు వ్రాసినదాన్ని చదివి ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రాముకు ప్రతిని వ్రాసిపెట్టేదన్నమాట. 2004లో జొనాథన్ క్యూ అనే ఆయన జీటెక్ తయారు చేసిన తరువాత ఆ మధ్యవర్తి అవసరం తీరిపోయింది. యూనికోడులో ఉన్న ఏ లిపినైనా జీటెక్ నేరుగా చదువుతుంది. మేము వాడినది అదే. ఈ సంచికలో తెలుగు శీర్షికలకు తెనాలి రామకృష్ణుని పేరు గల ఫాంటును, లోపలి పాఠానికి మండలి ఫాంటును, ఉర్దూకు నోటో నస్తాలీఖ్ ఫాంటును వాడాము. మూడూ ఉచితమే.

ఒక సంగతి ఉర్దూ విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పాలి. అక్షరాల క్రింద ఒత్తును ఎక్కడ ఉంచాలో, నస్తాలీఖ్‌లో మాట ఎక్కడ నుండి ఏటవాలుగా దిగాలో నిర్ణయించే భాగం ఒకటి జీటెక్ లోపల పనిచేస్తూ ఉంటుంది. దాని పేరు హర్ఫ్‌బజ్. పేరు ఎక్కడో విన్నట్లున్నదని ఆరా తీస్తే అది ఫారసీ మాటే అని తేలింది. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది. ఇరాను దేశస్థుడు బెహదాద్ ఇస్ఫహ్‌బోద్ దాని ప్రధాన నిర్మాత. మన "క్ష్మి"ని చక్కగా కూర్చేదీ, గజల్ రదీఫ్ అక్షరాలను నస్తాలీఖ్‌లో కలిపి కూర్చేదీ ఒకే హర్ఫ్‌బజ్. ఇది తెలిసిన రోజున గజల్ వ్రాసిన పెద్దలకు నిరుటి గజల్‌నే మళ్ళీ కూర్చి, కాగితం మీద తీసి ఇచ్చాము. ఆయన చాలాసేపు చూచి, మడిచి, షేర్వానీ జేబులో పెట్టుకొన్నారు.

ఇక పేర్ల పట్టిక. ఇక్కడే మెటాప్రోగ్రామింగు అనే పెద్దమాట వస్తుంది. దీనికి భయపడనక్కరలేదు. ప్రోగ్రామును వ్రాసే ప్రోగ్రామును వ్రాయడమే మెటాప్రోగ్రామింగు. మన కంప్యూటరు శాఖ మిత్రులు లిస్ప్‌లో మాక్రోలనీ, సీ ప్లస్ ప్లస్‌లో టెంప్లేట్లనీ చెబుతారు. టెక్‌లో అయితే మనమే కొత్త ఆజ్ఞలను కల్పించుకోవచ్చు. అంతేకాదు, ఒక ఆజ్ఞ తాను నడిచేటప్పుడు మరికొన్ని ఆజ్ఞలను కల్పించేటట్లు కూడా వ్రాయవచ్చు. ఆ కొత్త ఆజ్ఞకు పేరేమిటో మనం ముందుగా చెప్పనక్కరలేదు. ప్రతిలో కనిపించిన మాటనే పేరుగా పెట్టుకొమ్మని చెప్పవచ్చు.

తెలుగు మాష్టరుకు ఇది కొత్త సంగతి కాదు. చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో సంధుల జోలికి పోకముందే సంజ్ఞా పరిచ్ఛేదం పెట్టారు. ముందుగా ద్రుతమనే పేరు పుట్టించారు, ఆ పేరు మీద ద్రుతప్రకృతికమనే మరొక పేరు నిలబెట్టారు, ఆ తరువాత పుటల నిండా ఆ పేర్లతోనే పని జరిపారు. పాణిని దగ్గర ఈ విద్య ఇంకా పైమెట్టులో ఉన్నది. సుమారు నాలుగు వేల సూత్రాలలో పదాలను సాధించే సూత్రాలు కొన్ని, సూత్రాలను ఎట్లా నడపాలో చెప్పే పరిభాషా సూత్రాలు కొన్ని. సూత్రాలకు సూత్రం! 1967లో ఇంగర్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు, కంప్యూటరు భాషల వ్యాకరణం వ్రాసే బాకస్ పద్ధతికి పాణిని పేరు కూడా చేర్చాలని ప్రతిపాదించాడు. తరగతిలో ఈ మాట చెప్పినప్పుడు తెలుగు పిల్లలకంటె కంప్యూటరు పిల్లలే ఎక్కువ నిటారుగా కూర్చున్నారు.

మా పట్టికలో రెండు వందల ముప్పయికి పైగా పేర్లున్నాయి. కాని విడివిడి మాటలుగా చూస్తే అన్ని లేవు. షేక్ అనేది ఒక్కటే తొంభైసార్లకు పైగా వస్తుంది. సయ్యద్, పఠాన్, మొహమ్మద్, బేగం, వలి, బాషా తిరిగి తిరిగి వస్తూనే ఉంటాయి. ప్రతి పేరునూ ఉర్దూలో వ్రాసిపెట్టమని ఉర్దూ శాఖ మిత్రుని వేధించడమెందుకు అనుకొన్నాము. ఒక మాట మొదటిసారి వచ్చినప్పుడు ఆయన దాని ఉర్దూ వర్ణక్రమం ఇస్తారు. అప్పుడు మా ఆజ్ఞ ఆ తెలుగు మాట పేరిట ఒక కొత్త ఆజ్ఞను పుట్టిస్తుంది. అదే మాట ఎప్పుడు మళ్ళీ వచ్చినా ఆ కొత్త ఆజ్ఞ తనంతట తాను ఉర్దూ రూపాన్ని తెచ్చి పెడుతుంది. ఒకసారి పేరు పుట్టిన తరువాత దానిని మార్చరాదనే నియమం కూడా పెట్టాము.

ఒక శుక్రవారం రాత్రి ఇది నడిచింది. కంపైలరు ఎక్కడా ఆగలేదు. నల్లని తెరమీద పుటల సంఖ్యలు వరుసగా పడిపోయాయి. రెండు వందల ముప్పయి పేర్లు రెండు లిపులలో, ఎడమ వరుసలో గుండ్రంగా తెలుగు, కుడి వరుసలో వాలుగా నస్తాలీఖ్. అప్పుడు మాకు కలిగిన గర్వాన్ని దాచుకోము. మర్నాడు స్టాఫ్ రూములో ఆ నాలుగు కాగితాలను అందరికీ చూపించాము. అడగనివారికి కూడా చూపించాము.

అచ్చుకు ముందు ప్రూఫు కాగితాలను పిల్లలచేత ఇళ్ళకు పంపడం మా అలవాటు. చేబ్రోలు నుండే వచ్చే ద్వితీయ సంవత్సరపు విద్యార్థి ఒకడు సోమవారం నాడు తన కాగితాన్ని తెచ్చి ఇచ్చాడు. అతని పేరు నజీర్. ఉర్దూ వరుసలో అతని పేరుచుట్టూ నీలిరంగు పెన్సిలుతో సున్న చుట్టి ఉన్నది. "ఏమయ్యా ఇది?" అని అడిగితే, "మా దాదా మిమ్మల్ని ఒకసారి రమ్మన్నారు, సార్" అని మాత్రం చెప్పి తల వంచుకొన్నాడు.

వారి ఇల్లు మా వీధికి రెండు వీధుల అవతల. అస్ర్ నమాజు తరువాత నడిచి వెళ్ళాము. ఆ త్రోవలో భీమేశ్వరాలయం ఉన్నది. మన చేబ్రోలు శాసనాల ఊరు. గణపతిదేవుని సేనాని జాయప 1213లో వేయించిన శాసనం ఇక్కడిది. దానికి వెయ్యేళ్ళ పూర్వపు శాసనం ఒకటి ఆలయ జీర్ణోద్ధరణ సమయంలో బయటపడినట్లు పురావస్తుశాఖవారు 2019లో ప్రకటించారు. శాతవాహనరాజు విజయుని కాలపుది, క్రీ.శ. 207 నాటిది, సంస్కృత భాషలో బ్రాహ్మీ లిపిలో చెక్కినది. దక్షిణదేశంలో దొరికిన సంస్కృత శాసనాలలో ఇదే ప్రాచీనమైనదని వారన్నారు. అందులో ఈ ఊరి పాతపేరు తాంబ్రాపె అని ఉన్నది. భగవతి గుడి దగ్గర ప్రాసాదమూ మండపమూ కట్టించినవాని పేరు కార్తికుడు. పద్దెనిమిది వందల ఏళ్ళుగా ఆ మనిషిని గురించి మిగిలినది ఆ పేరే. ఆ రాయిని చెక్కినవాడు ఆ పేరులో ఒక అక్షరం తప్పి ఉంటే మనకు తెలిసే దారి కూడా లేదు. నడుస్తూ ఇదంతా ఆలోచించామని చెబితే అది అబద్ధమవుతుంది. పెన్సిలు సున్న ఎందుకో తెలియక కొంచెం చిరాకుతోనే నడిచాము.

పెద్దాయన వసారాలో మంచం మీద కూర్చున్నారు. సలాములయ్యాయి, టీ వచ్చింది. ఆయన కళ్ళజోడు సవరించుకొని కాగితం తీసి, "మాస్టారూ, మా మనుమణ్ణి ఎవరికి సాటి చేశారు?" అన్నారు.

మాకు అర్థం కాలేదు. ఆయన నెమ్మదిగా చెప్పారు. ఉర్దూలో మన తెలుగు జకారానికి దగ్గరగా వినిపించే అక్షరాలు ఒకటి కాదు. జీమ్ ఉన్నది, జే ఉన్నది, జాల్ ఉన్నది, జ్వాద్ ఉన్నది, జోయ్ ఉన్నది. తెలుగులో అన్నీ ఒక్క జ లోనికి వచ్చి చేరుతాయి. నజీర్ అనే మాటను జోయ్‌తో వ్రాస్తే సాటి, ఉపమానం, ముందు జరిగిన దృష్టాంతం అని అర్థం. ఆగ్రా కవి నజీర్ అక్బరాబాదీ పేరు ఈ జోయ్‌తోనే. జాల్‌తో వ్రాస్తే హెచ్చరించేవాడు. "వీడి అన్న బషీర్. బషీర్ అంటే శుభవార్త తెచ్చేవాడు. ఖురానులో ప్రవక్తను చెప్పేచోట ఈ రెండు మాటలూ జంటగా వస్తాయి, బషీర్, నజీర్. అందుకే పెద్దవానికి ఆ పేరు పెట్టి, రెండవవాడు పుట్టేదాకా ఈ పేరు దాచిపెట్టాను. ఏడవనాడు అఖీఖా చేసి పెట్టాను. మీరు జంట విడదీశారు" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. లెక్క సరిచూచేవాని నిదానం ఉన్నది.

మేము సమాధానం చెప్పబోయాము. పట్టికలో మొదట వచ్చిన నజీర్ తృతీయ సంవత్సరపు విద్యార్థి. అతని పేరు నిజంగానే జోయ్‌తో. ఉర్దూ శాఖ మిత్రుడు దానిని సరిగానే వ్రాసి ఇచ్చారు. మా ఆజ్ఞ నజీర్ అనే మాట పేరిట కొత్త ఆజ్ఞను పుట్టించింది. రెండవ నజీర్ వచ్చినప్పుడు మొదటివాని ఉర్దూ రూపాన్నే తెచ్చి తొడిగింది. ఇది కంప్యూటరు పొరపాటు అని చెప్పి ముగించాము.

"కంప్యూటరు మా ఇంటికి రాలేదు కదా మాస్టారూ," అన్నారాయన. "మీరు కూడా రాలేదు. రెండు వీధులే."

ఇంటికి వచ్చి కంపైలరు వ్రాసిపెట్టిన లాగ్ ఫైలును మొదటి నుండి చివరిదాకా చదివాము. ఒక పంక్తి రెండు మిల్లీమీటర్లు మార్జిను దాటిందని అది మాకు ఫిర్యాదు చేసింది. ఫాంటులో లేని ఒక విరామచిహ్నాన్ని గురించి చెప్పింది. ఒక మనిషి పేరు మారిపోయిన సంగతి దానిలో లేదు. ఉండదు కూడా. దాని దృష్టిలో ఆ వాక్యం నిర్దోషమైనది. అపశబ్దాన్ని పట్టుకొంటుంది గాని అసత్యాన్ని పట్టుకోలేదు. పైగా ఆ అసత్యాన్ని దానికి నేర్పినది మేమే. పట్టికలో ఒక పేరు మేము చేతితో తప్పు వ్రాసి ఉంటే ఒక్కచోటే తప్పు ఉండేది. తప్పు నియమంలో ఉన్నందువల్ల ఆ నియమం ఎన్ని పేర్లను తాకితే అన్ని పేర్లకూ అంటుకొన్నది. ఆ రాత్రే పట్టికను మళ్ళీ పరీక్షిస్తే అటువంటివి ఇంకా ఏడు దొరికాయి. రెండు విధి వాక్యాలు పోటీపడితే పరమైనదే, అంటే వెనుక చెప్పినదే, నెగ్గుతుందని పాణిని ఏర్పాటు. మేము మొదటిదే నెగ్గాలని పెట్టుకొన్నాము. పాణినిని అనుసరించి ఉంటే చేబ్రోలు నజీర్ బాగుపడి తృతీయ సంవత్సరపు నజీర్ నష్టపోయేవాడు. ఎట్లా చూచినా ఇద్దరిలో ఒకడికి అన్యాయమే.

మర్నాటి నుండి పద్ధతి మార్చాము. ఉర్దూ రూపానికి మాటతో సంబంధం తెంచి, ప్రతి విద్యార్థికీ రోల్ నంబరు పేరిట విడిగా ఒక ఆజ్ఞ పుట్టేటట్లు వ్రాశాము. దానిలో ఏముండాలో ఆ విద్యార్థి తన చేతితో వ్రాసి ఇవ్వాలి. తెల్లకాగితాలు కోసి తరగతులకు తీసుకొనిపోయాము. మీ పేరు ఉర్దూలో వ్రాయండి అన్నాము.

తరగతి గదిలో కొంతసేపు చప్పుడు లేదు. పిల్లలు ఒకరి కాగితం వైపు ఒకరు చూచుకొన్నారు. ఆ వారంలో మాకు తిరిగి వచ్చిన కాగితాలలో అరవై ఒకటి ఖాళీవి. తెలుగు మాధ్యమంలో చదివి, తెలుగులో సంతకం చేస్తూ, అరబీలో ఖురాను చదువగలిగినవారు కూడా తమ పేరును ఉర్దూలో ఏ అక్షరాలతో వ్రాయాలో తెలియక ఇచ్చివేసినవి. మరికొందరు ఇంట్లో అడిగి వస్తామన్నారు. రేపల్లె వైపు నుండి వచ్చే ఒక అమ్మాయి వాళ్ళ నానమ్మను అడిగి, ఆమెకూ తెలియక, మసీదు ఇమాముగారిని అడిగి తెచ్చింది. నాగూర్, మస్తాన్, బాజీ వంటి పేర్లు మన ప్రాంతపు ముస్లిం ఇళ్ళలో ఎన్నో ఉన్నాయి. తమిళదేశంలోని నాగూరు దర్గాను, గుంటూరులోని కాలేమస్తాన్ దర్గాను తలచుకొని పెట్టుకొన్న పేర్లవి. వీటిలో నాగూర్ అనే పేరు చూచి ఉర్దూ శాఖ మిత్రుడు కూడా కలం పట్టుకొని కాసేపు ఆలోచించారు. "ఇది మీ వైపు నుండి మా వైపుకు వచ్చిన పేరు" అన్నారు నవ్వుతూ. నిరుటి గజల్ బాకీ ఆ విధంగా తీర్చుకొన్నారు.

1994లో ఎర్విన్ ఉన్రూ అనే ప్రోగ్రామరు సీ ప్లస్ ప్లస్ ప్రమాణాల సంఘం సమావేశంలో ఒక వింత ప్రోగ్రామును చూపాడట. అది కంపైలు కాదు. కాని కంపైలరు ఇచ్చే దోషసూచనలను వరుసగా చదివితే అందులో ప్రధానసంఖ్యలు కనిపిస్తాయి. కంపైలరు మొరాయించడం కూడా మనకు కావలసిన పనే కావచ్చునని ఈ కథ చదివినప్పుడు మాకు తోచింది. మా ఆజ్ఞలో ఒక కొత్త షరతు చేర్చాము. ఎవరి రోల్ నంబరుకైనా స్వహస్తంతో వ్రాసిన రూపం చేరకపోతే, తనంతట తాను ఏదో ఒకటి పెట్టి ముందుకు పోకుండా, కంపైలరు అక్కడ ఆగి, "ఈ పేరుగలవారిని ఇంకా అడుగలేదు" అని తెలుగులో చెప్పాలి. ఆ నల్లని తెరకు తెలుగు సరిగా రాదు. ఒత్తులు చెదిరిపోయి, గుణింతాలు విడిపోయి ఆ వాక్యం కనిపించేది. అయినా మాకు అర్థమయ్యేది.

మొదటిరోజు అది అరవైసార్లకు పైగా ఆగింది. తరువాత నలభై. తరువాత పదకొండు. ఆగినచోటల్లా ఒక పేరు, ఒక ఇల్లు. కొన్ని ఇళ్ళకు మేమే వెళ్ళాము. సంగం జాగర్లమూడిలో ఒక తల్లి బియ్యం చెరుగుతూ చేటలోని బియ్యం మీద వ్రేలితో కూతురి పేరు వ్రాసి చూపింది. మేము కాగితం మీద ఎక్కించుకొనే లోపల చేట కదిలింది. మళ్ళీ వ్రాసింది. చదువు మానివేసి ఊరు విడిచి వెళ్ళిన ఒక విద్యార్థి దగ్గర నుండి మాత్రం జాబు రాలేదు. పట్టికలో అతని పేరుకు ఎదురుగా ఉర్దూ వరుసలో ఖాళీ ఉన్నది. అది అచ్చుతప్పు కాదని మనవి.

విద్యార్థుల పట్టిక ముగిసిందనుకొని అధ్యాపకుల పట్టికను కూడా అదే ఆజ్ఞ క్రిందికి తెచ్చాము. కంపైలరు నాలుగు పేర్లు దాటి అయిదవదానివద్ద ఆగింది. అయిదవ పేరు మాది.

మా పేరులో ఒక హకారం ఉన్నది. తెలుగులో అది ఒక్కటే. ఉర్దూలో బడీ హే ఉన్నది, ఛోటీ హే ఉన్నది. ఎం.ఏ. పట్టా మీద మా పేరు ఇంగ్లీషులో ఉన్నది, నియామకపు కాగితాలలో ఇంగ్లీషులో ఉన్నది, మేము వ్రాసిన వ్యాసాల క్రింద తెలుగులో ఉన్నది. ఈ సంచిక మొదటి ప్రూఫులో అది ఉర్దూలో ఛోటీ హేతో అచ్చయింది, మేము చూచి బాగున్నదనుకొన్నాము కూడా. ఇప్పుడు కలం పట్టుకొంటే చెయ్యి కదలలేదు. ఉర్దూ శాఖ మిత్రుని అడిగి ఉండవచ్చు. మేము పెట్టిన షరతు అందుకు ఒప్పుకోలేదు.

రాత్రి తొమ్మిది గంటలకు అమ్మీకి ఫోను చేశాము. ఆమెకు ముందు మా ప్రశ్నే అర్థం కాలేదు. అర్థమయిన తరువాత, "ఇన్నేళ్ళకు అడుగుతున్నావా?" అన్నది. మా తండ్రిగారి ఖురాను మొదటి తెల్లకాగితం మీద మా అయిదుగురి పేర్లూ, పుట్టిన తేదీలూ ఆయన చేతివ్రాతలో ఉన్నాయని మాకు తెలుసు. చిన్నప్పుడు చూచాము కూడా. అప్పుడు మాకు ఆ అక్షరాలు రావు. కళ్ళజోడు తెచ్చుకొంటానని చెప్పి ఆమె ఫోనును బల్లమీద పెట్టిన చప్పుడు వినిపించింది. తరువాత బీరువా తలుపు. తరువాత ఖురానుకు చుట్టిన గుడ్డ విప్పుతూ ఆమె బిస్మిల్లా అనడం వినిపించింది. చాలాసేపటికి ఫోను ఎత్తి ఒక్కొక్క అక్షరమే చెప్పింది. బడీ హే.

ఛోటీ హే తీసివేసి, బడీ హే పెట్టి, కంపైలరును మళ్ళీ పిలిచాము. ఈసారి అది ఎక్కడా ఆగలేదు. విషయసూచిక మాత్రం ఖాళీగా వచ్చింది. మొదటిసారి నడిచినప్పుడు ఏ వ్యాసం ఏ పుటలో ఉన్నదో అది వ్రాసి పెట్టుకొంటుంది, రెండవసారి నడిచినప్పుడు దానిని చదువుకొని సూచికను నింపుతుంది. రెండవసారి నడిపాము. ఈ వ్యాసం పుటసంఖ్య దాని చోటులోకి వచ్చింది.